ఎంజీ టీసీ 1948: తలుపు వాలింది, ఇంజన్ పట్టేసింది. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదావరి_గేర్లు
1948 ఎంజీ టీసీ, ఇంగ్లండ్‌లో కట్టిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కుడిచేతి స్టీరింగ్, 19 అంగుళాల స్పోక్ చక్రాలు. చాలా ఏళ్లుగా కోనసీమలో, కాలువ పక్క షెడ్డులో కదలకుండా ఉన్న బండి. పరిస్థితి ఇది: హ్యాండిల్ వేస్తే ఇంజన్ తిరగట్లేదు. ఎడమ తలుపు ముందు అంచు దాదాపు 8 మి.మీ. కిందికి వాలింది, తాళం పడట్లేదు. వెనక పెట్రోలు ట్యాంకు కింద చెక్క వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతోంది. స్టీరింగ్ మధ్యలో చాలా ఆట ఉంది. మీటర్లు, రేడియేటర్ తొడుగు, దీపాలు అన్నీ ఉన్నాయి.
అడగదలిచినవి మూడు. ఇది అసలు బండేనా, ముక్కలు కలిపిందా? మొదట బాడీ విప్పాలా, ఇంజనా? చెక్కకు టేకు వాడొచ్చా?

అబింగ్డన్_251
మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. టీసీ చాసిస్ (కింది ఇనుప చట్రం) నంబర్లు 0251 నుంచి మొదలవుతాయి. ఎంజీ బండ్లు కట్టిన అబింగ్డన్ ఫ్యాక్టరీ టెలిఫోన్ నంబరు 251, అందుకని. అసలు నంబరు ఎడమవైపు ముందు చాసిస్ కొసన, స్ప్రింగు కొక్కెం దగ్గర, లోహంలోకే కొట్టి ఉంటుంది. బానెట్ కింద రివెట్ చేసిన పలక మీద కూడా అదే నంబరు ఉండాలి. పలకను ఎవరైనా మార్చగలరు కాబట్టి చాసిస్ మీద కొట్టిన అంకెలకే విలువ. అక్కడ రంగు, గ్రీజు గట్టిగా పేరుకుని ఉంటాయి. గ్రైండర్ పెట్టకండి. పెయింట్ రిమూవర్ పూసి, ఇత్తడి బ్రష్‌తో నెమ్మదిగా తీయండి. తుప్పు ఎక్కువుంటే సుద్దపొడి రుద్ది పక్కనుంచి టార్చి వేస్తే అంకెలు లేస్తాయి.

ఇంజన్ నంబరు ఎక్స్‌పీఏజీ అనే రకం పేరుతో మొదలవుతుంది. అది చిన్న అష్టకోణపు ఇత్తడి పలక మీద ఉంటుంది. ఈ పలకలు పోవడం, ఇంజన్లు మారిపోవడం మామూలే. 1950ల్లో టీసీ తర్వాతి మోడల్ టీడీ నుంచి ఇంజన్ తెచ్చి టీసీలో దించేయడం తేలిక, ఎందుకంటే రెండూ ఎక్స్‌పీఏజీలే. ఇంజన్ మారినంత మాత్రాన బండి నకిలీ అవదు. అయితే విడిభాగాలు కొనే ముందు మీ దగ్గరున్నది ఏ కాలపు ఇంజనో తేల్చుకోవాలి. గాస్కెట్ మొదలుకొని తేడాలున్నాయి.

చరిత్ర కాస్త చెప్పాలి, పనికి అవసరం కాబట్టి. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ సొంత అమ్మకాల, రిపేర్ల సంస్థ. దాని మేనేజర్ సెసిల్ కింబర్ మోరిస్ చాసిస్‌ల మీద తేలికైన బాడీలు కట్టించి అమ్మడంతో ఈ పేరు పుట్టింది. టీసీకి ముందు మోడళ్లు రెండు: 1936లో టీఏ వచ్చింది, 1939లో టీబీ. ఎక్స్‌పీఏజీ ఇంజన్ టీబీతోనే మొదలు. 379 బండ్లు కట్టేసరికి యుద్ధం వచ్చి పని ఆగింది. కింబర్ 1941లో సంస్థ వదలాల్సి వచ్చింది. 1945 ఫిబ్రవరి 4న లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర రైలు ప్రమాదంలో చనిపోయారు. టీసీని ఆయన చూడనేలేదు.

యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే టీసీ బయటికొచ్చింది. 1945లో కట్టినవి 81 మాత్రమే. 1949 చివరికి మొత్తం సుమారు 10,000. కొత్త డిజైన్‌కు సమయమూ లేదు, డబ్బూ లేదు. టీబీ తీసుకుని కూర్చునే చోట బాడీని 4 అంగుళాలు వెడల్పు చేశారు. స్ప్రింగు కొసల్లో జారే ట్రనియన్‌ల బదులు రబ్బరు బుష్‌ల షాకిల్స్ (స్ప్రింగును చాసిస్‌కు పట్టే ఊగే లింకులు) పెట్టారు. అందుకే 1949లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండిలో కూడా 1936 నాటి చెక్క చట్రం, ముందు దూలంలాంటి యాక్సిల్, వెనక యాక్సిల్ కిందుగా పోయే చాసిస్ ఉంటాయి. మీ ముందున్న పనిలో సగం వడ్రంగిది, సగం లేత్ పనివాడిది. ఈ సంగతి మనసులో పెట్టుకుని విప్పడం మొదలుపెట్టండి.

కర్రపని
రెండో ప్రశ్నకు: ఇంకా ఏదీ విప్పకండి. తలుపు వాలిన బండిని విప్పేస్తే, వాలడానికి కారణం చెక్కా, చాసిస్సా, బాడీ కింది ప్యాకింగా అన్నది చెప్పే ఆనవాళ్లన్నీ పోతాయి.

టీసీ తలుపు కీలు వెనక స్తంభానికి ఉంటుంది. తలుపు వెనక్కి తెరుచుకుంటుంది, తాళం ముందు ఉంటుంది. అంటే తలుపు బరువంతా వెనక స్తంభం మీద పడుతుంది. ఆ స్తంభం అడుగు ప్రధాన పక్క దూలంలో కూర్చుంటుంది. ఎక్కువ బండ్లలో మొదట చివికేది ఆ కీలుచోటే. చక్రం చిమ్మే నీళ్లు, కార్పెట్ కింద నిలిచిన చెమ్మ రెండూ అక్కడికే చేరతాయి. రెండోది మీరు చెప్పిన ట్యాంకు కింది అడ్డదూలం.

ఇలా పరీక్షించండి. తలుపును సగం తెరిచి ముందు అంచు పట్టుకుని ఎత్తండి. కీలు పిన్ను దగ్గర ఆట కనిపిస్తే పిన్ను, బుష్ మారిస్తే చాలు. కీలు పలకతో పాటు స్తంభం మీది మరలు కదిలితే స్తంభంలో చెక్క పట్టు పోయింది. స్తంభం మొత్తం అడుగు దగ్గర ఊగితే దూలమే పోయింది. సన్నటి గుచ్చుడు కమ్మీతో దూలాన్ని కిందివైపు నుంచి ప్రతి 5 సెం.మీ.కు ఒకసారి గుచ్చండి. ఈ చట్రం కట్టింది యాష్ అనే ఇంగ్లండ్ గట్టి కర్రతో; మంచి యాష్ కర్రలోకి కొన 2 మి.మీ. కూడా దిగదు. చివికినచోట 10 మి.మీ. దిగిపోతుంది. దిగినచోటల్లా సుద్దతో గీత పెట్టండి.

తర్వాత కొలతలు. ముందు గోడ (ఇంజన్‌కూ సీట్లకూ మధ్యది) పైమూల నుంచి వెనక ఎదురుమూలకు రెండు కర్ణాలు, తలుపు ఖాళీలో పైనా కిందా వెడల్పు, రెండు స్తంభాల మధ్య అడ్డంగా. అన్నీ కాగితం మీద రాసి, బండి బొమ్మ గీసి దాని మీద పెట్టండి. తలుపు చుట్టూ సందులు కూడా 10 చోట్ల కొలవండి. బాడీ, చాసిస్ కలిసేచోట ప్యాకింగ్ ముక్కలు ఎక్కడ ఎన్ని ఉన్నాయో లెక్క రాయండి. వాటి మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఫ్యాక్టరీలో తలుపు సందును సరిచేసింది వాటితోనే.

గోదావరి_గేర్లు
ధన్యవాదాలు. కీలు పలక కదులుతోంది, స్తంభం అడుగు కూడా కొంచెం ఊగుతోంది. ఆదివారం కొలతలు తీసి పెడతాను. ఇక్కడి వడ్రంగి టేకే మంచిదంటున్నాడు. యాష్ ఎందుకు?

కర్రపని
యాష్ బలం దాని సాగే గుణంలో ఉంది. గొడ్డలి పిడి, క్రీడా పరికరాలు ఆ కర్రతో చేసేది అందుకే. దెబ్బ తగిలితే వంగి మళ్లీ నిలబడుతుంది, అంచుకు దగ్గరగా మర బిగించినా చీలదు. టీసీ చాసిస్ మెలి తిరుగుతుంది, బాడీ దాంతోపాటు కదలాలి. టేకు నూనె పట్టిన కర్ర. జిగురు సరిగా పట్టదు, అంచుల దగ్గర మర బిగిస్తే పగులు పుడుతుంది. నిలువు స్తంభాలకు, వంపు తిరిగిన ముక్కలకు యాష్ తెప్పించుకోమనే నా సలహా.

చెమ్మ_శత్రువు
ఇక్కడ నేను ఒప్పుకోను, కర్రపని గారూ. యాష్‌కు చెమ్మను తట్టుకునే గుణం ఏమాత్రం లేదు. పురుగు కూడా తొందరగా పడుతుంది. కోనసీమ లాంటి చోట, కాలువ పక్క షెడ్డులో ఏడాదిలో నాలుగు నెలలు గాలే తడిగా ఉంటుంది. ప్రధాన దూలాలు తిన్నగా ఉంటాయి, వాటికి పెద్దగా వంగే పని లేదు. వాటికి బాగా ఆరిన పాత టేకు పెడితే చెదలు, చివుకు రెండూ తొందరగా రావు. జిగురు పట్టకపోవడానికి మందుంది. అతికే ముందు ఆ ముఖాన్ని అసిటోన్‌తో తుడవాలి. ఆరిన వెంటనే, నూనె మళ్లీ పైకి రాకముందే ఎపాక్సీ పూయాలి. మరలకు ముందే పూర్తి లోతు రంధ్రం వేయాలి. స్తంభాలకు యాష్ అంటే సరే.

కర్రపని
దూలాలకు టేకు అన్నది న్యాయమైన మాటే. ఎగ్జిబిషన్‌లో జడ్జీల ముందు పెట్టే బండి కాకపోతే నాకూ అభ్యంతరం లేదు. ఏ కర్రయినా తేమ 12 శాతం దగ్గర ఉండాలి. తడి కర్రతో కట్టిన తలుపు మొదటి వేసవికే ఎండి, కుంచించుకుని వదులవుతుంది. కర్రకు అడ్డంగా కోసిన కొసలే నీళ్లు తాగేది. కాబట్టి ప్రతి కొసకూ పల్చని ఎపాక్సీ రెండుసార్లు తాగించండి, కూర్పు లోపలి ముఖాలకు కూడా. వడ్రంగులు పైన పాలిష్ వేసి కొసలు వదిలేస్తారు, చివుకు అక్కడే మొదలవుతుంది.

ఇంకొకటి: పాత ముక్క ఎంత చివికినా పారేయకండి. విరిగిన భాగాలను అట్ట మీద పరిచి చుట్టూ గీత గీస్తే అదే మీ నమూనా. ఎడమది పూర్తిగా పోతే కుడిదాన్ని తిరగేసి గీయండి.

బోర్_66
ఇంజన్ సంగతి. ఎక్స్‌పీఏజీ 1250 సీసీ, బోరు 66.5 మి.మీ., స్ట్రోకు 90. రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు. 5,200 ఆర్‌పీఎం దగ్గర 54 హార్స్‌పవర్. అంత పొడుగు స్ట్రోకుతో అంత వేగం తిరిగే ఇంజన్ కాబట్టి క్రాంక్ షాఫ్ట్ మీద అనుమానం ఎప్పుడూ ఉంచుకోవాలి.

పట్టేసిన ఇంజన్‌ను హ్యాండిల్‌తో బలవంతంగా తిప్పొద్దు. బండిని గేర్లో వేసి లాగించడం అంతకంటే నష్టం. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో 50 మి.లీ. చొప్పున ఆటోమేటిక్ గేర్ ఆయిల్ (ఏటీఎఫ్), అసిటోన్ సగం సగం కలిపి పోయండి. ప్లగ్గు రంధ్రాలు గుడ్డతో మూసి వారం వదిలేయండి, మధ్యలో తగ్గినప్పుడల్లా పోస్తూ. నిప్పు దగ్గరకు రానీయకండి. ఆ తర్వాత హ్యాండిల్‌ను చేతి బలంతో మాత్రమే కదపండి. కదలకపోతే హెడ్డు తీసి, ఏ పిస్టన్ చుట్టూ తుప్పు గీత ఉందో చూసి ఆ బోరులోనే మళ్లీ నానబెట్టండి. చెక్క ముక్క అడ్డం పెట్టి, గుండ్రటి అంచు దగ్గర తట్టండి. పిస్టన్ నడిమధ్యన సుత్తి పడకూడదు.

విడిపోయినా సంబరపడి స్టార్ట్ చేయకండి. ఇన్నేళ్లు ఆగిన ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. విప్పాక చేయాల్సినవి:

క్రాంక్ షాఫ్ట్‌ను మొదట అయస్కాంత పద్ధతిలో పగుళ్లకు పరీక్షించాలి, కొలతలు ఆ తర్వాత. మెయిన్ జర్నల్ (బ్లాకులో తిరిగే భాగం) 52 మి.మీ., బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ పట్టే భాగం) 45 మి.మీ. అరిగితే గ్రైండ్ చేస్తారు సరే, కానీ జర్నల్ మూలలో ఉండే చిన్న గుండ్రటి వంపును అలాగే ఉంచమని గ్రైండింగ్ షాపుకు ముందే రాసి ఇవ్వండి. మూల చదరంగా కోస్తే పగులు అక్కడినుంచే మొదలవుతుంది. ఈ ఒక్క తప్పుతో చెడిన క్రాంకులు చాలా ఉన్నాయి.

కనెక్టింగ్ రాడ్ చిన్న కొసలో పిస్టన్ పిన్నును ఒక బోల్టు నొక్కి పట్టి ఉంచుతుంది. ఆ బోల్టు విప్పేటప్పుడు, బిగించేటప్పుడు రాడ్డును వైస్‌లో పెట్టొద్దు, రాడ్డు మెలి పడుతుంది. పిన్ను రెండు కొసల్లో దిమ్మెలు దూర్చి, ఆ దిమ్మెల్ని వైస్‌లో పట్టుకోవాలి. బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయాలి.

బ్లాకు వెనక భాగంలో, నాలుగో సిలిండర్ చుట్టూ నీటి గదిలో తుప్పు బురద రాయిలా గట్టిపడి ఉంటుంది. కోర్ ప్లగ్గులన్నీ తీసి, కమ్మీతో పొడిచి, మందు నీళ్లతో కడిగితేనే పోతుంది. మన ఎండల్లో టీసీ మరుగుతోందంటే చాలామంది రేడియేటర్‌ను అనుమానిస్తారు. నేనైతే ముందు ఈ బురదను చూస్తాను. దీని రేడియేటర్‌కు ఒత్తిడి మూత లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. మూత మార్చి ఒత్తిడి పెంచితే పాత కోరు అతుకులు విడిపోతాయి.

హెడ్డు మందం కొలవండి, అసలైనది 76.75 మి.మీ. ఇంతకుముందు ఎవరైనా చెక్కించి ఉంటే తక్కువ వస్తుంది. మరీ తగ్గితే కంప్రెషన్ పెరగడమే కాదు, పుష్ రాడ్లు, రాకర్ల కోణం కూడా తప్పుతుంది. నీటి రంధ్రాలు కోలగా ఉండే హెడ్డు, గుండ్రంగా ఉండే తర్వాతి హెడ్డు అని రెండు రకాలున్నాయి. గాస్కెట్ బ్లాకుకూ హెడ్డుకూ రెండింటికీ సరిపోతోందా అని పెట్టి చూసుకోండి.

బిగింపులు: హెడ్డు 50 ఫుట్-పౌండ్లు, మెయిన్ బేరింగ్ 63, బిగ్ ఎండ్ 27. టాపెట్ సందు అసలు టీసీ క్యామ్‌కు వేడి మీద 19 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). తర్వాతి టీడీ కాలపు క్యామ్ ఉంటే 12 థౌ. ఇంజన్ మారిన బండి అయితే క్యామ్ ఏదో తేల్చకుండా సందు పెట్టొద్దు. ఫైరింగ్ 1-3-4-2.

లేత్_తమ్ముడు
బోర్ గారు చెప్పినదానికి ముందు ఒక హెచ్చరిక పెట్టాలి: ఈ ఇంజన్ త్రెడ్లు. ఎక్స్‌పీఏజీలో బోల్టు తల పాత బ్రిటిష్ కొలతయిన విట్‌వర్త్ స్పానర్‌కు సరిపోతుంది, త్రెడ్ మాత్రం మెట్రిక్. అదీ 8 మి.మీ. బోల్టుకు 1.0 మి.మీ. పిచ్ (పక్కపక్క మరచుట్ల మధ్య దూరం). కోవెంట్రీలోని మోరిస్ ఇంజన్ల కర్మాగారం అంతకుముందు ఫ్రాన్స్‌కు చెందిన హాచ్‌కిస్ కంపెనీది. ఆ యంత్రాలతో పాటు ఆ మెట్రిక్ త్రెడ్డూ వచ్చింది. స్పానర్లు మాత్రం ఇంగ్లండ్ మెకానిక్ దగ్గరున్నవే పని చేయాలి కదా, అందుకని తలలు విట్‌వర్త్. చాసిస్, బాడీ మీదకొస్తే మళ్లీ బీఎస్ఎఫ్ (బ్రిటిష్ సన్న త్రెడ్).

గోదావరి_గేర్లు
సంప్ (ఇంజన్ కింది నూనె తొట్టి) బోల్టులు రెండు పోయాయి. షాపులో 8 మి.మీ. ట్యాప్ వేసి కొత్త బోల్టులు పెడతామన్నారు. వద్దా?

లేత్_తమ్ముడు
వద్దే వద్దు. బజార్లో దొరికే 8 మి.మీ. బోల్టు పిచ్ 1.25. ఆ ట్యాప్ వేస్తే పాత త్రెడ్ మొత్తం తినేస్తుంది. అంతకంటే మోసం చేసేది 5/16 యూఎన్ఎఫ్ (అంగుళాల సన్న త్రెడ్). దాని వ్యాసం 7.94 మి.మీ., పిచ్ 1.06. చేత్తో తిప్పితే మూడు నాలుగు చుట్లు హాయిగా ఎక్కుతుంది, సరైన బోల్టే అనిపిస్తుంది. స్పానర్ వేయగానే త్రెడ్ ఊడిపోతుంది. మీవి పోవడానికీ అదే కారణం అయి ఉండొచ్చు. 8×1.0 ట్యాప్, డై, పిచ్ గేజి ఈ మూడూ కొని పెట్టుకోండి, పెద్ద ఖర్చు కాదు. త్రెడ్ పూర్తిగా పోయినచోట 8×1.0 కాయిల్ ఇన్సర్ట్ (కొత్త త్రెడ్‌గా పనిచేసే తీగచుట్టు) వేయించండి. తలలు విట్‌వర్త్ కొలతలో కావాలంటే హెక్స్ రాడ్ నుంచి బోల్టులు తిప్పించుకోవచ్చు. బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక్కరోజు పని. నమూనా బోల్టు ఇచ్చి ఊరుకోకుండా, కొలతలు గీసి ఇవ్వండి. అరిగిన నమూనా ఇస్తే అరిగిన కొలతకే చేస్తారు.

విప్పిన ప్రతి బోల్టునూ ఏ రంధ్రందో రాసి, అట్టకు గుచ్చి ఉంచండి. టైమింగ్ కవర్ బోల్టులు పొడవులు వేర్వేరు.

బోర్_66
సంప్ అన్నారు కాబట్టి: వెనక మెయిన్ దగ్గర ఈ ఇంజన్‌కు రబ్బరు సీలు లేదు. క్రాంక్ మీద కోసిన మరచుట్టు నూనెను తిరిగి ఇంజన్ లోపలికే తోసేస్తుంది. దాని చుట్టూ ఉండే తొడుగుకూ క్రాంకుకూ మధ్య వెంట్రుకంత సందే ఉండాలి. పై సగం ఒక ఇంజన్‌దీ కింది సగం ఇంకోదానిదీ కలిస్తే కారడం ఆగదు. ఇప్పుడు లిప్ సీలు కిట్లు దొరుకుతున్నాయి. క్రాంక్ ఎలాగూ గ్రైండింగ్‌కు పోతుంది కాబట్టి, అప్పుడే ఆ పని కూడా చేయించండి. ఇంజన్ ఎక్కించాక గుర్తొస్తే మళ్లీ అంతా దించాలి.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ పంపు నింపాలి. ఎండిన పంపు సంప్‌లోంచి నూనె లాగలేదు. పంపు మీద ప్లగ్గు తీసి నూనె పోసి, స్పార్క్ ప్లగ్గులు లేకుండా గేజిలో ఒత్తిడి కనిపించేదాకా తిప్పండి. వేడెక్కాక నడకలో 40 నుంచి 60 పీఎస్ఐ ఉండాలి. 20డబ్ల్యూ-50 ఆయిల్, అందులో జింక్ ఎక్కువున్నది వేయండి. ఈ క్యామ్ ఫాలోయర్లు చదునువి, జింక్ లేకపోతే గీరుకుంటాయి. కొత్తగా కొనే ఫాలోయర్ల గట్టిదనం కూడా వేసేముందు పరీక్ష చేయించండి. మెత్తనివి వస్తే కొన్ని వందల కిలోమీటర్లలో క్యామ్‌ను కూడా తినేస్తాయి.

వంపు_దారి
స్టీరింగ్. టీసీలో ఉండేది బిషప్ క్యామ్ బాక్సు. లోపల మరచుట్టు గాడిలో ఒక మేకు జారుతుంది. బండి ఎక్కువసేపు తిన్నగా పోతుంది కాబట్టి గాడి మధ్యలో ఎక్కువ అరుగుతుంది, కొసల్లో తక్కువ. మధ్యలో ఆట పోయేలా పై మూత బిగిస్తే, మలుపులో మేకు కొసల దగ్గర ఇరుక్కుంటుంది. చక్రం తిరిగి రాదు, అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. మూత కింద షిమ్ములు (పల్చని రేకులు) తీసి సరిచేస్తున్నారంటే, రెండువైపులా చివరిదాకా తిప్పి చూసి, ఎక్కడా బిగుసుకోలేదని తేలాకే వదలాలి. అరుగుదల ఎక్కువుంటే మేకు, గాడిచుట్టు రెండూ కొత్తవి వేయడం తప్ప దారి లేదు.

కానీ బాక్సు ముట్టుకునే ముందు కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులు), బుష్‌లు, ట్రాక్ రాడ్ కీళ్లు, షాకిల్ రబ్బర్లు చూడండి. ఆటలో సగం అక్కడే ఉంటుంది. ఇంకా ఒకటి: తొలి బండ్లలో ముందు యాక్సిల్ క్యాస్టర్ (కింగ్ పిన్ను వెనక్కి వాలే కోణం) 8 డిగ్రీలు. అది ఎక్కువై చక్రాలు వణికేవి, తర్వాత 5.5 డిగ్రీలకు తగ్గించారు. స్ప్రింగుకూ యాక్సిల్‌కూ మధ్య 2.5 డిగ్రీల ఏటవాలు పలకలు పెడితే తగ్గుతుంది. పలక మందం వైపు తిరగబడితే క్యాస్టర్ 10.5 అవుతుంది, గమనించి పెట్టండి.

రోజూ_నడిపేవాడు
ఇంత కష్టం ఎందుకు? అమెరికాలో చాలామంది ఫోక్స్‌వాగన్ స్టీరింగ్ బాక్సు అమర్చుకున్నారు. బాగా పనిచేస్తుంది, చాసిస్ కోయాల్సిన అవసరం లేకుండా కిట్లు ఉన్నాయి.

వంపు_దారి
పనిచేస్తుంది, కాదనను. కానీ సరిగా సరిచేసిన బిషప్ బాక్సు చేతికి ఇచ్చే స్పర్శ వేరు. టీసీ అంటే ఆ సూటిగా తగిలే స్టీరింగే. ఫోక్స్‌వాగన్ బాక్సు వేసినా, అసలుది పెట్టెలో నూనె పూసి బండితో పాటు ఉంచండి. అది అమ్మేయడం మాత్రం తప్పు.

చక్రాలు: 48 స్పోకులు, 2.5 అంగుళాల రిమ్, 4.50-19 టైరు. స్పోకు తుప్పు నిపిల్ లోపల ఉంటుంది, పైకి కనపడదు. వేలితో మీటి చూడండి. మంచివన్నీ ఒకే స్వరంలో మోగుతాయి, వదులైనది మందంగా మోగుతుంది. ఒక్క చక్రంలో ఐదారు పోయాయంటే మొత్తం కొత్త స్పోకులే వేయించండి.

హబ్బులు కుడి ఎడమ మార్చొద్దు. ఎడమవైపు మామూలు కుడి త్రెడ్, కుడివైపు ఎడమ త్రెడ్. తారుమారైతే నడకలోనే రెక్కల నట్టు వదులై చక్రం ఊడి పోతుంది. విప్పగానే హబ్బు లోపల రంగుతో గుర్తు పెట్టండి. స్ప్లైన్ పళ్లు కత్తి అంచులా సన్నబడితే హబ్బూ చక్రమూ రెండూ మార్చాలి. ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని తినేస్తుంది.

ఎస్‌యూ_సూది
ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) గురించి. టీసీ కార్బ్యురేటర్లు ఎస్‌యూ హెచ్2, 1¼ అంగుళం. అసలు సూది (జెట్టులో పెట్రోలు కొలిచేది) ఈఎస్ రకం. జెట్టు చుట్టూ పాత బండ్లలో బెండు వాషర్లు ఉంటాయి. ఎండిన బెండు కుంచించుకుంటుంది, ఇథనాల్ తగిలితే పాడవుతుంది, కింద బొట్లు పడతాయి. ఆ పక్కనే ఎగ్జాస్ట్ వేడి, అంటే మంట ప్రమాదం. ఇథనాల్ తట్టుకునే సీళ్లు, గొట్టాలు, ఫ్లోట్ సూదులు అన్నీ ఒకేసారి మార్చండి. కార్బ్యురేటర్లకూ ఎగ్జాస్ట్‌కూ మధ్య వేడి అడ్డుపలక ఉండాలి.

ట్యాంకు 13.5 బ్రిటిష్ గాలన్లు, సుమారు 61 లీటర్లు. లోపల పూర్వం ఎవరో పూసిన సీలర్ ఉంటే ఇథనాల్‌లో కరిగి, జిగురులా పంపులోకి వస్తుంది. పూర్తిగా తీయించి, తుప్పు కడిగించండి. ఈ20లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పల్చనవుతుంది. అందుకే ఈఎస్ సూదితో జెట్టు నట్టును కొద్దిగా కిందికి తిప్పాల్సి రావచ్చు. పరీక్ష ఇలా: కార్బ్యురేటర్ పిస్టన్‌ను సుమారు 0.8 మి.మీ. పైకి లేపండి. ఇంజన్ వేగం ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరి. పెరుగుతూ పోతే చిక్కన, ఆగిపోబోతే పల్చన. రెండింటి గాలి లాగుడు సమానం చేశాకే ఇది. గొట్టం చెవికి పెట్టుకుని వింటే తెలుస్తుంది. బండి పక్కన పెడితే ఫ్లోట్ గిన్నెలు ఖాళీ చేయడం అలవాటు చేసుకోండి.

పంపు బదులు ఇప్పటి కార్ల ఎలక్ట్రిక్ పంపు పెట్టొద్దు. ఫ్లోట్ సూది తట్టుకునేది 1.5 పీఎస్ఐ చుట్టుపక్కలే, ఎక్కువైతే పొంగిపోతుంది. టీసీకి పెట్రోలు మీటరు లేదు, తక్కువైనప్పుడు వెలిగే ఆకుపచ్చ దీపమే దిక్కు. ట్యాంకు విప్పినప్పుడు దాని తీగ, స్విచ్చు సరిచేయండి.

ప్లస్_ఎర్త్
కరెంటు పని చెప్పేస్తాను. 12 వోల్టులు, ప్లస్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస చాసిస్‌కు కలిపి ఉంటుంది. డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టాలనుకునేవాళ్లు ఒక్కటి గమనించాలి: టీసీలో రెవ్ కౌంటర్ (ఇంజన్ వేగం మీటరు) తిరిగేది డైనమో వెనక కొసన ఉన్న చిన్న గేర్ బాక్సుతో. మామూలు ఆల్టర్నేటర్ పెడితే రెవ్ కౌంటర్ చచ్చిపోతుంది. ఆ గేర్ బాక్సులో గ్రీజు ఎండి పట్టేయడం మామూలే. కేబుల్ తెగకముందే దాన్ని విప్పి కడగండి. పట్టేసి ఉండగా ఇంజన్ తిప్పితే కేబులే తెగుతుంది. మైనస్ ఎర్త్‌కు మార్చాలంటే డైనమో ఫీల్డ్‌కు ఒక్క క్షణం కరెంటు తాకించి దాని దిశ తిప్పాలి. నా ఉద్దేశంలో మార్చనవసరం లేదు. గుడ్డ తొడుగు తీగలు చేయించి, ప్రతి దీపానికీ విడిగా ఎర్త్ తీగ వేస్తే సగం జబ్బులు పోతాయి. ఎర్త్ కోసం చెక్కలోని మరలను నమ్ముకోవద్దు.

డ్యాష్‌బోర్డు మీది 30 మైళ్ల హెచ్చరిక దీపం ఉంచుకోండి. ఇంగ్లండు ఊళ్లలోని వేగ పరిమితి కోసం పెట్టింది, ఈ కారు గుర్తుల్లో ఒకటి.

అబింగ్డన్_251
బ్రేకులు: లాక్‌హీడ్ హైడ్రాలిక్, 9 అంగుళాల డ్రమ్ములు. సిలిండర్లకు కొత్త స్లీవులు వేయించి, గొట్టాలన్నీ మార్చండి. పాత రబ్బరు గొట్టం పైకి బాగానే ఉన్నా లోపల ఉబ్బి దారి మూసేస్తుంది, కాలు తీసినా బ్రేకు వదలదు. వెనక హబ్బుల నుంచి యాక్సిల్ నూనె బ్రేకు షూల మీదికి కారడం ఈ బండి పుట్టుకతో వచ్చిన జబ్బు. షూలు మార్చేముందే దానికీ లిప్ సీలు పెట్టించండి. వెనక యాక్సిల్ నిష్పత్తి 5.125. గంటకు 60 మైళ్లకు ఇంజన్ దాదాపు 3,900 తిరుగుతుంది. ఇప్పటి హైవేల మీద అంతకుమించి తోలకండి.

రిజిస్ట్రేషన్: 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చేయని వింటేజ్ బండ్లకు మన దేశంలో 2021 నుంచి నంబరు ప్లేటులో ‘వీఏ’ అక్షరాల వరుస ఉంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు 5,000. రోజువారీ ప్రయాణానికి, అద్దెకు తోలడానికి కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్ల కోసం తోలుకోవచ్చు. ఆ కాగితాలకైనా చాసిస్ అంకెల స్పష్టమైన ఫోటో కావాలి, రంగు వేయకముందే తీసి ఉంచండి. చాసిస్ కోయడం, బాడీ ఆకారం మార్చడం చేస్తే ఈ వరుసకు అర్హత పోతుంది.

గోదావరి_గేర్లు
కొలతలు. చాసిస్ కర్ణాలు రెండూ 2 మి.మీ. లోపు సమానం. బాడీ కర్ణాల్లో తేడా 9 మి.మీ. కుడి తలుపు సందు పైనా కిందా 4 మి.మీ., ఎడమది పైన 2, కింద 11. ఎడమ దూలం వెనక 40 సెం.మీ. మేర కమ్మీ దిగుతోంది, మిగతా అంతా గట్టిగా ఉంది. కుడి దూలంలో ఎక్కడా దిగలేదు. చాసిస్ నంబరు కూడా కనపడింది, పలక మీద ఉన్నదే. ఎడమ వెనక మూలలో ప్యాకింగ్ ముక్కలు ఏడు దొరికాయి, కుడివైపు మూడే.

కర్రపని
చాసిస్ తిన్నగా ఉంది, అది పెద్ద ఊరట. ఏడు ముక్కలున్నాయంటే, చెక్క కుంగుతూ ఉంటే ఎవరో తలుపు లేపడానికి ప్యాకింగ్ పెంచుతూ పోయారు. దానివల్లే బాడీ మెలి తిరిగింది.

ఇప్పుడు ఇలా చేయండి. తలుపు తీసేయండి. ఎడమ తలుపు ఖాళీలో పైనా కిందా అడ్డంగా 25 మి.మీ. ఇనుప గొట్టాలు మరలతో వదులుగా బిగించండి, కర్ణంగా మరొకటి. ఎడమ వెనక మూల కింద జాకీ పెట్టి, చెక్క దిమ్మె అడ్డుపెట్టి, కొద్దికొద్దిగా తేలుస్తూ నాలుగు ముక్కలు తీసేసి, కుడివైపులాగే మూడు ఉంచండి. కర్ణాల తేడా 3 మి.మీ.లోపుకు వస్తే గొట్టాలు గట్టిగా బిగించండి. అప్పుడే ఎడమ దూలాన్ని కొయ్యాలి. గట్టి చెక్క మొదలైన చోటు నుంచి 15 సెం.మీ. ముందుకు వెళ్లి, కర్ర మందానికి ఎనిమిది రెట్ల పొడవున ఏటవాలుగా కోసి కొత్త ముక్క అతకండి. స్తంభం మొత్తం కొత్తది, కుడిదాన్ని తిరగేసి గీసినది. ఇనుప రేకు అంచు మేకులు తీసేటప్పుడు రేకును వంచకుండా, మేకు తలలే నరకండి.

జిగురు ఆరాక మళ్లీ తలుపు వేలాడదీసి, 24 గంటలు అలాగే ఉంచి సందు కొలవండి. ఆ కొలతలు ఇక్కడ పెట్టేదాకా ఇంజన్ బోల్టు ఒక్కటి కూడా ముట్టుకోవద్దు. ఇంజన్ బరువు చాసిస్ మీద ఉండగానే తలుపు సందు సరి చేయాలి. ఇంజన్ దించి సరిచేస్తే, తిరిగి ఎక్కించిన రోజు ఆ సందు మళ్లీ మారుతుంది.